మొదటి కవరు బావకి

నా కుడికాలు ఇప్పుడు పొడిగా ఉంది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఏడాది పట్టింది. మోకాలి కింద వేలెడు మచ్చ మిగిలింది, మెట్లెక్కేటప్పుడు కొంచెం లాగుతుంది, వాన పడేముందు నొప్పి పెడుతుంది. అంతకుమించి ఏమీ లేదు. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర చాతం, బాంబూఫ్లాట్ జెట్టీల మధ్య తిరిగే ఫెర్రీ మీద మళ్ళీ తాడు విసురుతున్నాను. మా ఉద్యోగాన్ని లష్కర్ అంటారు. జెట్టీకి బోటు కట్టడం, విప్పడం, జనాన్ని ఎక్కించడం, దింపడం. రెండు కాళ్ళూ సరిగ్గా లేనివాడికి ఆ పని ఇవ్వరు.

ఎముకకి ప్లేటు వేయించుకుని, దాని చుట్టూ చీము పట్టి అవస్థపడేవాళ్ళు మా దీవుల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రెండో కారణం నా సొంతం. ఈ ఏడాదిలో నేనొక తప్పు చేశాను, అది అసూయతో చేశాను. దాన్ని ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ, మా అమ్మాయి తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. మా అక్క బోర్డుల మీద పేర్లు కూడబలుక్కుని చదువుతుంది, అంతే. బావకి అసలు చదువే రాదు. అందుకని ధైర్యంగా రాస్తున్నాను.

బావంటే మా నూకాలక్క మొగుడు, దానయ్య. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది బాంబూఫ్లాట్‌లోనే. బావకి సొంత డింగీ, అంటే చిన్న పడవ ఉంది, చేపలవేట. మా రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. మా ఇళ్ళలో అక్క మొగుడికి అన్నీ ముందు. ఆయన కంచం పెట్టాకే మా కంచాలు. చేప తలకాయ ఆయనది. పెళ్ళిలో, పండగలో, ఆఖరికి మంగలి దగ్గర కూడా ముందు ఆయనే. 'బావ ముందు' అనే మాట మా అమ్మ నాకు అన్నంతో కలిపి తినిపించింది. ఆ మాటే నా కొంప ముంచింది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా

వాన పడుతోంది. బావ స్కూటర్ నడుపుతున్నాడు, ముందు చేపల డబ్బా, వెనక నేను. జెట్టీకి దిగే వాలులో నాచు పట్టి ఉంది. మెల్లగా పోనీ బావా అన్నాను. అనేలోపే ఇద్దరం పక్క కాలువలో ఉన్నాం. బావకి ఎడమకాలు విరిగింది, నాకు కుడికాలు. రెండు చోట్లా ఎముక బయటికొచ్చి అదే బురదలో దిగబడింది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒకే రోజు ఇద్దరికీ ఆపరేషన్ చేసి స్టీలు ప్లేట్లు వేశారు. మంచికాళ్ళు రెండూ కలిపితే ఒక మనిషి తయారవుతాడని మా అక్క నవ్వేది. అప్పుడింకా నవ్వగలిగేవాళ్ళం.

సెప్టెంబరులో నాకు కుట్ల దగ్గర సెగగడ్డలాంటిది లేచి పగిలింది. వారం తిరక్కుండా బావకీ అంతే. మందు వాడితే ఆరేది, ఆపితే మళ్ళీ కారేది. ఆ వాసన గురించి రాయను. భోజనం దగ్గర మా ఆవిడ గౌరి మొహం మామూలుగా పెట్టుకోడానికి పడే కష్టం చూసి, నేనే కంచం తీసుకుని వసారాలోకి పోయేవాణ్ణి. గోడకి అవతల బావ కూడా వసారాలోనే తినేవాడు. ఆ రోజుల్లో మా ఇద్దరికీ ఉన్నంత ఐకమత్యం ఎప్పుడూ లేదు.

నవంబరు, విశాఖ

విశాఖలో ఒక ఆసుపత్రిలో ఇలాంటి కాళ్ళకి కొత్తమందు పరీక్షిస్తున్నారని తెలిసి, ఓడ టిక్కెట్లు దొరికించుకుని ఆడవాళ్ళతో కలిపి నలుగురం వెళ్ళాం. వెయిటింగ్ హాల్లో మూడు రోజులు కూచున్నాం. అక్కడ అందరూ కాళ్ళే చూసుకుంటారు, మొహాలు చూసుకోరు. ఒకావిడ మాకు ఫ్యాన్ కింద చోటిచ్చి తను గోడవారకి జరిగింది. ఆవిడ ఊరేదో కూడా నేను అడగలేదు.

డాక్టరు నెమ్మదైన మనిషి. ప్లేటు మీద సూక్ష్మజీవులు గుంపుగా చేరి, జిగురులాంటి పొర కట్టుకుని దానికింద దాక్కుంటాయనీ, మందు రక్తంలో తిరుగుతున్నా ఆ పొర దాటి లోపలికి పోలేదనీ చెప్పాడు.

"పడవ అడుక్కి పాచి పట్టినట్టేనా సార్?" అన్నాడు బావ.

"అచ్చంగా అదే" అన్నాడు డాక్టరు.

"పాచి గోక్కుండా రంగేస్తే ఏటి నిలుస్తాది సార్? రెండు పోటుపాట్లకే ఊడిపోద్ది."

డాక్టరు ఆ మాటకి ముచ్చటపడిపోయాడు. కొత్తమందు చేసేది ఆ గోకడమేనట. అది ఆ పొర పట్టు వదిలిస్తుంది, తర్వాత పాత మందు లోపలికి పోయి పని చేస్తుంది. ఆ రోజు నుంచి వార్డులో ఏ రోగికి చెప్పాలన్నా "దానయ్యగారి పడవ ఉంది చూడండీ" అని మొదలుపెట్టేవాడు. ఇరవై ఏళ్ళుగా బోటు మీద పనిచేస్తున్నవాణ్ణి, ఆ పోలిక నాకెందుకు తట్టలేదా అని మండిపోయాను. మంట అక్కడ అంటుకుంది.

మర్నాడు ఒక అమ్మాయి సీలువేసిన కవర్ల కట్టతో వచ్చింది. పరీక్షలో చేరేవాళ్ళు సంతకం పెట్టాక, వచ్చిన వరసలో పైనున్న కవరు విప్పుతారు. కొందరికి పాత మందుతో పాటు కొత్తది, కొందరికి పాతది మాత్రమే. ఏ కవరులో ఏముందో డాక్టరుకి కూడా తెలియదు. రెండు రకాలవాళ్ళనీ పోల్చి చూస్తేనే మందు సంగతి తేలుతుందట. న్యాయంగానే ఉంది.

"ముందు ఎవరు చేస్తారండీ సంతకం?" అంది.

నేను దగ్గరగా ఉన్నాను. పెన్ను నా చేతిలోనే ఉంది. కాగితం నా ముందే ఉంది.

"బావ ముందు" అన్నాను.

బావ వేలిముద్ర వేశాడు. పైకవరు విప్పింది. కొత్తమందు. తర్వాత నేను సంతకం పెట్టాను. రెండో కవరు విప్పింది. పాతమందు మాత్రమే.

ఆ అమ్మాయి ఏదో చెబుతోంది, నాకు వినపడలేదు. ఆ కవరు నాది. నా చేత్తో తీసి ఆయనకిచ్చాను. స్కూటర్ పడేసినవాడికి.

ఇద్దరికీ పుండు లోపల శుభ్రం చేసే ఆపరేషన్లయ్యాయి. పక్కపక్క మంచాలు. బావ సెలైన్‌లో కొత్తమందు ఎక్కించేటప్పుడు సీసాకి నల్ల కవరు తొడిగేవారు. ఎవరి కళ్ళూ పడకుండానా అన్నాను. వెలుతురు తగిలితే పాడవుతుందంది సిస్టర్, నవ్వుతూ. నేను నవ్వలేదు. పొద్దున్నే కట్లు మార్చేటప్పుడు నా కట్టు కంటే ముందు ఆయన కట్టు చూసేవాణ్ణి. దాని మీద మరక అరచేయంత ఉండేది, తర్వాత నిమ్మకాయంత, తర్వాత బొట్టుబిళ్ళంత. మూడో వారానికి తెల్లగా వచ్చింది. నాది తడిసే ఉండేది. మా అక్క "నీదీ తగ్గుతోందిరా అప్పన్నా" అనేది. తగ్గుతోంది, నిజమే. కానీ పక్కమంచం మీద పరుగెడుతుంటే నాది నడుస్తోంది. నాకది ఆగిపోయినట్టే కనిపించేది.

బావ పాలు వద్దంటే అవి నేను తాగేవాణ్ణి కాదు. పొద్దున్నే ఆయన ఎలా ఉందిరా అంటే, బానే ఉంది అని గోడవైపు తిరిగేవాణ్ణి. ఒకసారి గౌరి నా చెవిలో, "మొహం కాస్త సర్దుకో, వదిన చూస్తోంది" అంది. అసూయకి మందు ఏ కవర్లోనూ లేదు.

జనవరి, ఇంటికి

ఇద్దరినీ పంపించారు, మార్చిలో మళ్ళీ రమ్మన్నారు. ప్లేట్లు లోపలే ఉన్నాయి. ఎముక ఇంకా పూర్తిగా అతకలేదు. బావ పుండు మూసుకుంది, ఒక చివర మినపగింజంత చోటు మాత్రం లేతగా ఉంది. నాకు రోజూ ఒక చుక్క చెమ్మ. మా ఇద్దరికీ ఒకటే కట్టుబాటు: మార్చి దాకా సముద్రపు నీళ్ళు తగలకూడదు.

మా వాళ్ళకి ఈ మాట ఎక్కదు. దెబ్బ తగిలితే ముందు సముద్రంలో ముంచేవాళ్ళం మేము. ఉప్పునీరు మానుస్తుందని మా అమ్మా నమ్మింది, వాళ్ళమ్మా నమ్మింది. అందుకే బాంబూఫ్లాట్‌లో కట్లు మార్చే నర్సు, మినీ సిస్టర్, ప్రతిసారీ హిందీలో గట్టిగా చెప్పేది: "దానయ్యా భయ్యా, సమందర్ కా పానీ బిల్కుల్ నహీ. సమఝే?" అక్కకి అది చాలలేదు. తన నెత్తిన బావ చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

నన్ను డ్యూటీలో చేర్చుకున్నారు గానీ బోటెక్కనివ్వలేదు. జెట్టీలో కుర్చీ వేసి, కాలు స్టూలు మీద పెట్టించి, వచ్చేపోయే బోట్ల టైము రిజిస్టర్లో రాయమన్నారు. మార్చికి కూడా కాలు ఆరకపోతే ఈ కుర్చీ కూడా ఉండదని ఆఫీసులో మెల్లగా చెప్పారు. నా తాడు ఇంకొకడు విసురుతుంటే నేను గడియారం చూసి రాసేవాణ్ణి.

ఫిబ్రవరి, అమావాస్య

అమావాస్యకి నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. పడవల అడుగు గోక్కునే రోజులవి. నా కుర్చీలోంచి చూస్తే బావ డింగీ కనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం బావ పంచె ఎగ్గట్టి మోకాలు లోతు నీళ్ళలోకి దిగాడు. చేతిలో గోకుడు రేకు.

మొదట లేచి కేకేద్దామని కర్ర అందుకున్నాను. అంతలో బావ నన్ను చూశాడు. రేకు గాల్లో ఊపి, ఎడమకాలు నీళ్ళలోంచి పైకెత్తి చూపించాడు. కాలు ఎండలో మెరిసింది. చక్కగా, కట్టు లేకుండా, మనిషి కాలులా ఉంది.

నాకు చూపిస్తున్నాడు. నా కవరుతో బాగైన కాలు నాకే చూపిస్తున్నాడు.

కర్ర కింద పెట్టేశాను. తల తిప్పుకుని రిజిస్టర్లోకి చూశాను. ఆ గొప్ప మందు ఉప్పునీటికి ఆగుతుందో లేదో చూద్దాం అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికే ఇన్ని పేజీలు రాశాను.

మర్నాడూ దిగాడు. ఆ మర్నాడూ. నాలుగు రోజులు. నేను తలెత్తలేదు, కంటిచివర నుంచి చూస్తూనే ఉన్నాను. నాలుగో రోజు సాయంత్రం గోడ మీదుగా అక్క అడిగింది.

"ఏరా, మీ బావ పంచె అంచు తడిసుంది. నీల్లలోకి గానీ దిగినాడేటి? నీకు జెట్టీలోంచి కనబడతాది కదా."

"నేను చూళ్ళేదే" అన్నాను.

మార్చి

మార్చి మొదట్లో నా కాలు ఆరింది. ఒక పొద్దున కట్టు విప్పితే తెల్లగా ఉంది. మర్నాడూ తెల్లగానే ఉంది. గౌరి ఆ గుడ్డ పట్టుకుని ఏడ్చింది. ఎగిరి గంతేద్దామనుకున్న ఆ వారమే బావకి జ్వరం వచ్చింది. లేతచోటు ఉబ్బి నల్లబడింది.

నిజం చెప్పుకోవాలి. వినగానే నాకు భయం వేయలేదు. ఛాతీ మీంచి బరువు దిగినట్టయింది. రాత్రి అన్నం రుచిగా తిన్నాను. మర్నాడు ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ బావ గడప దాటలేకపోవడం చూశాక ఆ అన్నం గుర్తొచ్చి ఆ రాత్రి కంచం ముట్టుకోలేదు.

మళ్ళీ విశాఖ. ఈసారి విమానంలో, బావ కాలు చాపుకోడానికి మూడు సీట్లు తీసుకుని. డాక్టరు పుండు చుట్టూ వేలితో నొక్కి చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"దానయ్యగారూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. సముద్రపు నీళ్ళు తగిలాయా? ఆ నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు వేరు. వాటికి పరీక్ష వేరు, మందు వేరు. తెలియకుండా పాత మందే ఇస్తే ఈ కాలు నేను కాపాడలేను."

బావ అక్క వైపు చూశాడు. అక్క ఆయన తలదిండు పక్కనే నిలబడి ఉంది.

"లేదు సార్" అన్నాడు బావ.

ఒట్టు అక్క నెత్తిన వేసింది. అది తప్పానని ఆవిడ ముందు అనడం కంటే కాలు వదులుకోడానికి సిద్ధపడ్డాడు. డాక్టరు కాగితం మీద రాసుకుంటున్నాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. నోరు తెరిస్తే, చూశానని ఒప్పుకోవాలి. చూళ్ళేదని అక్కకి చెప్పిన అబద్ధం బయటపడుతుంది. ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆ ఎందుకు అన్నదానికి నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. డాక్టరు కలం మూత పెట్టాడు.

"దిగాడు సార్" అన్నాను. "నాలుగు రోజులు, మోకాలు లోతు. నేను జెట్టీలోంచి చూశాను."

డాక్టరు కలం మూత మళ్ళీ తీశాడు. ఎప్పుడు, ఎంతసేపు అని అడిగాడు, అన్నీ చెప్పాను. పుండులోంచి తీసినదాన్ని వేరే పరీక్షకి పంపించాడు.

బయట వరండాలో అక్క నన్ను నిలబెట్టింది. చెంప మీద కొడుతుందనుకున్నాను. అంతకంటే కష్టమైంది అంది.

"మీ బావని ఎనకేసుకొచ్చినావు కదా నాతోటి? నాను తిడతానని దాసినావు. మీ మగోల్లంతా ఒకటే. పేనం మీదికొచ్చాక గానీ నోరు పెగల్లేదు."

నేను తలొంచుకున్నాను. నాది ప్రేమ అనుకుంది. కాదని చెప్పలేదు. అంత మంచి తిట్టు నాకు దక్కకూడదు, అయినా తీసుకున్నాను.

ఫలితం వచ్చేదాకా ఆ వరండాలోనే పడుకున్నాం. సముద్రపు నీళ్ళలో ఉండే రకమే అని తేలింది. పాత పాచి తిరిగి పట్టలేదనీ, ఇది ఆ లేతచోటులోంచి కొత్తగా వచ్చిందనీ డాక్టరు చెప్పాడు. మందు మార్చారు. ప్లేటు తీసేసి కాలికి బయటి నుంచి కమ్మీలు బిగించారు. కాలు తీసేయాల్సిన పని పడలేదు. మరి కొత్తమందు మంచిదేనా సార్ అనడిగాను. "మీ ఇద్దరితో ఏమీ తేలదండీ, అలాంటివాళ్ళని ఎంతోమందిని చూడాలి" అన్నాడు. నేను మాత్రం నాలుగు నెలలు ఆ ఇద్దరినే చూశాను.

ఇప్పుడు

మళ్ళీ వానలొచ్చాయి. బావ కమ్మీలు మొన్ననే తీశారు. ఎడమకాలు అరంగుళం పొట్టి. వేటకి ఎప్పుడు పోగలడో తెలియదు, డింగీ ఒడ్డునే బోర్లా ఉంది.

మీ ఒంట్లో ప్లేటు ఉంటే, మానినచోట మళ్ళీ చెమ్మ కనిపిస్తే, సిగ్గుపడి దాచకండి. నీళ్ళలో దిగి ఉంటే దిగానని చెప్పండి. పక్కవాడు దిగుతుంటే కేకెయ్యండి. కాగితం ఇక్కడితో ముగిద్దామనుకున్నాను.

ఇవాళ సెలవు. మధ్యాహ్నం వసారాలో కూచుని పై వాక్యాలు రాస్తుంటే, గోడవతల నుంచి కర్ర చప్పుడయింది. బావ వచ్చి నా బల్ల మీద కూచున్నాడు.

"ఏటిరా అది, ఇన్ని రోజులబట్టీ రాస్తన్నావు?"

"కాలు గురించి."

"నీ కాలా, నా కాలా?"

"రెండూను."

"అయితే సదువు."

చదివాను. ఏ ముక్క వదిలేసినా ఆయనకి తెలియదు. ఐకమత్యం దగ్గర నవ్వాడు, పడవ పాచి దగ్గర మీసం దువ్వాడు, కవర్ల దగ్గర నవ్వడం మానేశాడు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పేజీ తిప్పేద్దామా అనిపించింది. అయినా ఆ వాక్యం ఉన్నదున్నట్టు చదివాను. మార్చి అన్నం సంగతి కూడా చదివాను. అక్క తిట్టు కూడా.

బావ తన ఎడమకాలు నిమురుకున్నాడు.

"కాలెందుకెత్తాననుకున్నావు?" అన్నాడు.

"గొప్పకి."

"ఆ రోజుల్లో నీ మొకం సచ్చినోడి మొకంలాగుండీదిరా. స్టూలు మీద కాలెట్టుకుని, ఆ బుక్కులోకి సూస్తా. నా కాలు సూపిద్దామనిపించింది. నీదీ ఇలాగైపోద్ది, బెంగెట్టుకోకని. నువ్వు తల దించేసి మల్లీ ఎత్తలేదు. సూడలేదేమోలెమ్మని మర్నాడు మల్లీ దిగినాను."

"నాలుగు రోజులు గోకావు కదా బావా."

"గోకడం మొదటిరోజే అయిపోనాదిరా."

నేను ఒక్కసారి తలెత్తి చెయ్యి ఊపినా మిగతా మూడు రోజులూ ఆయన నీళ్ళలోకి దిగేవాడు కాదు. ఆ మాట ఆయన అనలేదు. నేనూ అనలేకపోయాను.

గోడవతల అక్క అన్నానికి పిలిచింది. బావ కర్ర అందుకుని లేచాడు.

"ఇది మీ అక్కకి మాత్రం సదవకు" అన్నాడు. "మనిద్దరం ఒకల్నొకలం ఎనకేసుకొచ్చుకుంటామని అనుకుంటాది. దాన్నలాగే అనుకోనీ. పద, కంచాల ముందుకి."

మన్నించమని అడగాలని వారం రోజులుగా మాటలు కూడబెట్టుకుంటున్నాను. అడిగేలోపే ఆయన మన్నించేసి, కుంటుకుంటూ గుమ్మం దాటిపోయాడు. ఇందులో కూడా బావే ముందు.